ఎవరూ కీ నొక్కకుండానే ఆగిపోయే బోర్డు: బూట్‌లోడర్ సీరియల్ కన్సోల్‌ను అదుపులో పెట్టడం

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రిపూట కరెంటు పోతే అందరి చూపూ ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) మీదే ఉంటుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్, రైతుల మాటల్లో డీవో, తెల్లవారుజామున ఎటూ తక్కువగానే ఉంటుంది. అది 4 పీపీఎం కంటే దిగితే వనామీ రొయ్యకు ఇబ్బంది మొదలవుతుంది. అందుకే కరెంటు పోయిన వెంటనే జనరేటర్ వేస్తారు. డీవో ప్రోబ్‌ను చదివి, ఏరేటర్లను ఆన్ ఆఫ్ చేసి, ఫోనుకు మెసేజ్ పంపే కంట్రోలర్ పెట్టెలు ఇలాంటి చోట్ల పెడుతున్నారు. చాలా పెట్టెల్లో ఉండేది లినక్స్ నడిచే ఓ చిన్న బోర్డే.

అలాంటి పెట్టె ఒకటి జనరేటర్ మీదికి మారాక లేవలేదనుకుందాం. కాపలా మనిషి స్విచ్ ఆపి వేస్తే ఒకసారి లేస్తుంది, ఇంకోసారి లేవదు. బోర్డు పోయిందనో, ఎస్‌డీ కార్డు పాడైందనో తేల్చి మార్చేస్తారు. కొన్నాళ్లకు కొత్తదీ అదే పని చేస్తుంది. ఎవరైనా లాప్‌టాప్ తెచ్చి సీరియల్ కేబుల్ తగిలిస్తే కనిపించేది యూ-బూట్ ప్రాంప్ట్, దాని పక్కన ఓ కర్సర్. యూ-బూట్ అంటే బూట్‌లోడర్, లినక్స్ కంటే ముందు నడిచి దాన్ని లేపే ప్రోగ్రాము. బోర్డు నిక్షేపంగా ఉంది. ఎవరో ఆదేశం ఇస్తారని ఎదురుచూస్తోంది, అంతే.

బోర్డుకు పవర్ రాగానే ముందుగా నడిచేది చిప్పులోనే చెక్కి ఉన్న బూట్ రోమ్ (ROM). అది ఎస్‌పీఎల్ అనే చిన్న ప్రోగ్రామును పైకి తెస్తుంది. ఎస్‌పీఎల్ మెమరీని సిద్ధం చేసి అసలు యూ-బూట్‌ను లోడ్ చేస్తుంది. యూ-బూట్ తన సంగతులన్నీ సీరియల్ పోర్టు మీద చెప్పుకుంటూ వచ్చి, చివర్లో "ఆటోబూట్ ఆపాలంటే ఏదైనా కీ నొక్కండి" అనే అర్థంలో ఒక వాక్యం వేసి అంకెలు లెక్కపెడుతుంది. లెక్క పూర్తయ్యేలోగా ఏమీ రాకపోతే లినక్స్‌ను లేపుతుంది. వస్తే ప్రాంప్ట్ ఇచ్చి కూర్చుంటుంది.

ఆ వాక్యంలో కీ అని ఉన్నా, యూ-బూట్ చూసేది కీబోర్డును కాదు. సీరియల్ చిప్పులో ఒక బైటు వచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. ఆ బైటు మనిషి పంపాడా, మోడెం పంపిందా, వైరు మీద పడిన నాయిస్ నుంచి పుట్టిందా అన్నది దానికి తెలిసే వీలు లేదు.

ఈ అలవాటు యూ-బూట్‌కు పుట్టుకతో వచ్చింది. జర్మన్ ఇంజనీరు వోల్ఫ్‌గాంగ్ డెంక్ 2000 ప్రాంతంలో పవర్‌పీసీ బోర్డుల కోసం నడిపిన పీపీసీబూట్ ప్రాజెక్టే, మిగతా ప్రాసెసర్లనూ కలుపుకుని 2002 నవంబరులో యూ-బూట్‌గా మారింది. అప్పటి వాడకందారు ల్యాబ్ బల్ల మీద బోర్డు పెట్టుకుని, ఎదురుగా టెర్మినల్ తెరిచి కూర్చున్న ఇంజనీరు. అతనికి ఏ కీ నొక్కినా ఆగడమే సౌకర్యం. గుంట గట్టు మీద రేకుల షెడ్డులో వేలాడే పెట్టెకు అదే సెట్టింగు వదిలేయడం తయారీదారు తప్పు తప్ప యూ-బూట్ తప్పు కాదు.

కన్సోల్‌ను, అంటే బోర్డుతో మాట్లాడే ఈ సీరియల్ దారిని, అదుపు చేయడమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది అది వేసే మెసేజ్‌లను ఆపడం. కన్సోల్‌కు నోరూ ఉంది, చెవీ ఉంది. రెంటికీ తాళాలు వేరు. తెర మీద ఏమీ రావడం లేదు కాబట్టి కన్సోల్ మూతపడిందనుకోవడం ఈ రంగంలో అతి మామూలు పొరపాటు. ఫీల్డులో బోర్డును పడుకోబెట్టేది ఎక్కువగా చెవే.

చెవిలో చెత్త ఎలా పడుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు హై స్థాయిలో, అంటే మామూలుగా 3.3 వోల్టుల దగ్గర ఉండాలి. అది కిందికి దిగితే కొత్త అక్షరం మొదలవుతోందని సీరియల్ చిప్పు, అంటే యూఆర్ట్, అర్థం చేసుకుంటుంది. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంలో ఒక బిట్ నిడివి సుమారు 8.7 మైక్రోసెకన్లు. లైను దిగాక అర బిట్ సమయం ఆగి, ఇంకా కిందే ఉందా అని యూఆర్ట్ మరోసారి చూస్తుంది. ఉంటే అది నిజమైన స్టార్ట్ బిట్టే అని లెక్క. అంటే నాలుగున్నర మైక్రోసెకన్ల పాటు లైనును కిందికి లాగగల నాయిస్ ఏదైనా ఒక అక్షరంగా చెలామణి కావచ్చు. బైట్లు లోపలికి వచ్చే ఆర్‌ఎక్స్ పిన్ను ఎక్కడికీ కలపకుండా గాలికి వదిలేస్తే అది దాదాపు యాంటెన్నా లాంటిదే. పక్కనే ఏరేటర్ మోటార్ల కాంటాక్టర్లు పడుతూ లేస్తూ ఉంటాయి, కరెంటు నుంచి జనరేటర్‌కు చేంజోవర్ జరుగుతుంది, బోర్డు సరిగ్గా ఆ క్షణాల్లోనే రెండు సెకన్ల లెక్క లెక్కపెడుతూ ఉంటుంది. ల్యాబ్‌లో వందసార్లు లేచిన బోర్డు ఇక్కడ మొండికేయడంలో వింత లేదు.

అదే 9600 బాడ్ అయితే బిట్ నిడివి 104 మైక్రోసెకన్లు. స్టార్ట్ బిట్‌గా నమ్మించాలంటే నాయిస్ 50 మైక్రోసెకన్ల పైగా లైనును లాగి ఉంచాలి, అది అంత తేలిక కాదు. మరి వేగం తగ్గించేస్తే సరిపోదా? కొంత మేలే కానీ మరో పక్క నష్టం వస్తుంది. మామూలు ఫ్రేమింగ్‌లో ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు పోతాయి. 115200 దగ్గర సెకనుకు 11520 అక్షరాలు వెళ్తే, 9600 దగ్గర 960 మాత్రమే. యూ-బూట్, లినక్స్ కలిసి 12 వేల అక్షరాల లాగ్ వేస్తే మొదటి దానికి ఒక సెకను, రెండో దానికి పన్నెండున్నర సెకన్లు. ఏరేటర్లు ఆగి ఉన్న వేళ అది చిన్న తేడా కాదు.

నాయిస్ కాకుండా నిజమైన బైట్లే వచ్చే సందర్భాలూ ఉన్నాయి. చవక బోర్డుల్లో యూఆర్ట్‌లు ఒకటో రెండో ఉంటాయి. డిజైన్ చేసినవారు కన్సోల్ పోర్టునే సెన్సర్‌కో మోడెంకో వాడేస్తారు. మోడ్‌బస్ అనే పద్ధతిలో మాట్లాడే ప్రోబ్ అయితే కొంత నయం, అడిగితే తప్ప బదులివ్వదు. జీపీఎస్ మాడ్యూల్ అలా కాదు, ఎవరడిగినా అడగకపోయినా సెకనుకోసారి తన స్థానం చెబుతూనే ఉంటుంది. కొన్ని సెల్యులార్ మోడెంలు పవర్ రాగానే తాము సిద్ధమని ఒక మాట పంపుతాయి. ప్రకాశం జిల్లా చీమకుర్తి లాంటి గ్రానైట్ ప్రాంతంలో వేబ్రిడ్జి దగ్గర బోర్డు పెడితే ఇంకో రకం తంటా: కాటా ఇండికేటర్‌ను కంటిన్యువస్ మోడ్‌లో పెడితే లారీ ఉన్నా లేకున్నా బరువు అంకెలు ధారగా వస్తూనే ఉంటాయి. అవి కన్సోల్ పోర్టులోకి వస్తే బోర్డు ఎప్పుడూ లేవదు. ఒకరకంగా కాటా కేసే మేలు. ఎప్పుడూ లేవని బోర్డు లోపం మొదటి రోజే బయటపడుతుంది. గుంట దగ్గరి బోర్డు నెలకోసారి ఆగుతుంది, దాంతో నింద కరెంటు మీదికో కార్డు మీదికో పోతుంది.

ఇంకో దొంగ కూడా ఉన్నాడు. సర్వీసుకు వచ్చినవారు యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ను బోర్డుకే వదిలేసి వెళ్తారు, రెండో కొస ఏ కంప్యూటర్‌కూ ఉండదు. పవర్ లేని ఆ కేబుల్ చిప్పు బోర్డు ఆర్‌ఎక్స్ లైనును కిందికి లాగి పట్టుకోవచ్చు. లైను అలా కిందే ఉండిపోతే దాన్ని బ్రేక్ అంటారు. చాలా యూఆర్ట్‌లు దాన్ని సున్నా బైటుగా అందిస్తాయి. ఆటోబూట్ ఆగడానికి ఆ ఒక్క బైటు చాలు.

ఇలా ఆగినా వాచ్‌డాగ్ (వేళకు సంకేతం అందకపోతే బోర్డును రీసెట్ చేసే టైమర్) ఉంది కదా, అదే రీసెట్ చేస్తుంది అని డిజైనర్లు ధైర్యంగా ఉంటారు. ఇక్కడే మోసపోతారు. ప్రాంప్ట్ దగ్గర మనిషి నిదానంగా టైపు చేసుకోవాలని యూ-బూట్, అక్షరం కోసం ఎదురుచూస్తున్నంతసేపూ తనకు తెలిసిన వాచ్‌డాగ్‌కు తనే మేత వేస్తూ ఉంటుంది. వాచ్‌డాగ్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. బోర్డు అలా తెల్లవార్లూ కూర్చోగలదు. యూ-బూట్‌కు తెలియని బయటి వాచ్‌డాగ్ చిప్పు ఉంటేనే, లినక్స్ అప్లికేషన్ మాత్రమే దానికి పల్స్ ఇచ్చేలా కడితేనే, ఈ స్థితి నుంచి రక్షణ దొరుకుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో మొదటి మీట బూట్‌డిలే అనే వేరియబుల్. దాని విలువ ఎన్ని సెకన్లు ఆగాలో చెబుతుంది. మైనస్ 1 పెడితే ఆటోబూట్ అసలు జరగదు, నేరుగా ప్రాంప్టే. సున్నా పెడితే ఆగకుండా ముందుకు పోతుంది గానీ, పోయే ముందు బైటు ఏదైనా వచ్చి ఉందా అని ఒకసారి చూస్తుంది. సున్నా పెట్టి తలుపు మూసేశామని నిశ్చింతగా ఉండేవారు చాలామంది. నాయిస్ కొట్టే కాలం తగ్గింది కానీ పోలేదు, కాటా ధారకైతే ఆ ఒక్క చూపు చాలు. చెవి పూర్తిగా మూసేది మైనస్ 2. అప్పుడు ఆగడమూ లేదు, చూడడమూ లేదు.

మైనస్ 2 పెట్టినా ఒక సందు మిగులుతుంది. బూట్‌సీఎండీ అనే వేరియబుల్‌లో రాసిన ఆదేశాలు విఫలమైతే, అంటే కార్డు నుంచి లినక్స్ కెర్నెల్ దొరకకపోతే, యూ-బూట్ చివరికి ప్రాంప్ట్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. జనరేటర్ అందుకునే వేళ వోల్టేజీ ఊగి కార్డు ఒకసారి సరిగా స్పందించకపోతే ఇదే జరుగుతుంది. అందుకని బూట్‌సీఎండీ చివర రీసెట్ ఆదేశం చేర్చడం మంచి అలవాటు. లేవలేకపోతే మళ్లీ మొదటి నుంచి ప్రయత్నిస్తుంది. బిల్డ్ చేసేటప్పుడే బూట్ రిట్రై సదుపాయాన్ని చేర్చుకుంటే ఇంకో దారి కూడా ఉంది: ప్రాంప్ట్ దగ్గర నిర్ణీత సమయం వరకు ఆదేశమేదీ రాకపోతే ఆటోబూట్ తిరిగి మొదలవుతుంది. ఎప్పుడో ఒక నాయిస్ బైటు పడే గుంటల బోర్డుకు ఇది బాగా పనికొస్తుంది. ఆగకుండా అంకెలు వచ్చే కాటా దగ్గర దీన్ని నమ్ముకోకూడదు.

సర్వీసు మనిషికి ప్రాంప్ట్ దొరకాలి, నాయిస్‌కు దొరకకూడదు అంటే సరైన మందు ఆటోబూట్ కీడ్ అనే ఐచ్ఛికం. ఇది ఉంటే ఏ బైటు వచ్చినా ఆగదు, ముందే నిర్ణయించిన అక్షరాల వరుస వస్తేనే ఆగుతుంది. ఎనిమిది పది అక్షరాల వరుసను నాయిస్ పొరపాటున కూడా కూర్చలేదు. ఆ వరుసను మామూలు అక్షరాలుగా పెడితే ఫర్మ్‌వేర్ ఫైలు చేతిలో ఉన్నవారెవరైనా అందులోని అక్షరాలన్నీ బయటికి తీసి చదివేయగలరు. అది కూడదనుకుంటే దాని ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌ను (అసలు అక్షరాలు బయటపెట్టని వేలిముద్ర లాంటి సంఖ్యను) మాత్రమే పెట్టే వీలుంది. గుంట మీద పెట్టే పెట్టెకు మామూలు వరుసే సరిపోతుంది. ఆ షెడ్డులో పోయేది రాగి కేబులూ బ్యాటరీయే, బూట్‌లోడర్ కోసం ఎవరూ రారు. అదే పెట్టెలో కంపెనీ సర్వరుకు చేరే తాళాలు ఉంటే మాత్రం లెక్క మారుతుంది. తెరిచి ఉన్న ప్రాంప్ట్ దగ్గర, కెర్నెల్‌కు అందే సెట్టింగులుండే బూట్‌ఆర్గ్స్‌లో ఒక ముక్క మార్చి లినక్స్‌ను పాస్‌వర్డు లేని రూట్ షెల్‌లోకి దించడం నిమిషం పని.

ఇక నోటి సంగతి. సైలెంట్ కన్సోల్ అనే ఐచ్ఛికాన్ని బిల్డ్‌లో చేర్చి, ఎన్విరాన్‌మెంట్‌లో (యూ-బూట్ వేరియబుళ్లన్నీ ఉండే చోట) సైలెంట్ అనే వేరియబుల్ పెడితే యూ-బూట్ మాటలు ఆగుతాయి. బూట్ త్వరగా అవుతుంది. అదే లైను మీద ఆర్‌ఎస్-485 (చాలా పరికరాలు ఒకే జత వైర్లను పంచుకునే సీరియల్ పద్ధతి) పరికరాలు ఉంటే వాటి మీద బూట్ లాగ్ కుమ్మరించకుండా ఉంటుంది. కానీ వినడం ఆగదు. సైలెంట్‌లో ఉన్నప్పుడు కూడా బైటు వస్తే ఆటోబూట్ ఆగుతుంది, ఆగిన మరుక్షణం సైలెంట్ జెండా తొలగి ప్రాంప్ట్ మామూలుగా కనిపిస్తుంది. నాయిస్ సమస్యకు సైలెంట్ మందు కాకపోగా, ఏం జరిగిందో చెప్పే లాగ్ కూడా లేకుండా చేసి వెతుకులాటను ఇంకా కష్టం చేస్తుంది.

సైలెంట్ పెట్టినా మొదటి కొన్ని వాక్యాలు బయటపడుతూనే ఉన్నాయని విసుక్కునేవారూ ఉంటారు. ఎన్విరాన్‌మెంట్ ఎంఎంసీ కార్డులోనో నాండ్ ఫ్లాష్‌లోనో ఉంటే, యూ-బూట్ ర్యామ్‌లో తన చివరి చోటికి మారాకే దాన్ని చదవగలదు. అంతవరకు బిల్డ్‌లో కూర్చిన డిఫాల్ట్ విలువలే దిక్కు. సైలెంట్ అక్కడ లేకపోతే తొలి మాటలు వస్తాయి. డిఫాల్ట్‌లోనే సైలెంట్ పెట్టాలి, లేదా చోటు మారాక ఆ వేరియబుల్‌ను మళ్లీ చూసే ఐచ్ఛికాన్ని చేర్చాలి. ఎస్‌పీఎల్ మాటలను ఆపాలంటే దాని సెట్టింగులు విడిగా చూసుకోవాలి. బూట్ రోమ్ మీద ఎవరి పెత్తనమూ నడవదు. బీగిల్‌బోన్ బ్లాక్‌లో ఉండే ఏఎం335ఎక్స్ చిప్పు సీరియల్ నుంచి బూట్ కావాలని చూసినప్పుడు వరుసగా సీ అక్షరాలు పంపుతుంది. దాన్ని ఆపాలంటే బూట్ క్రమాన్ని నిర్ణయించే పిన్నులను మార్చాల్సిందే.

సైలెంట్ పెట్టాక లినక్స్ కెర్నెల్ లాగ్ కూడా మాయమైందని కంగారు పడనక్కర్లేదు. సైలెంట్‌గా ఉన్న యూ-బూట్ మామూలుగా బూట్‌ఆర్గ్స్‌లోని కన్సోల్ ముక్కను ఖాళీ చేసి కెర్నెల్‌కు అందిస్తుంది. తన నోరు మాత్రమే మూసుకోవాలనుకుంటే దానికి విడి ఐచ్ఛికం ఉంది.

ఎస్‌టీడీఇన్, ఎస్‌టీడీఅవుట్, ఎస్‌టీడీఈఆర్ఆర్ అనే మూడు వేరియబుళ్లతో ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను విడివిడిగా తిప్పుకోవచ్చు కూడా. బిల్డ్‌లో నల్‌డెవ్ (ఏమీ ఇవ్వని ఉత్తుత్తి పరికరం) చేర్చి ఉంటే ఇన్‌పుట్‌ను దాని వైపు తిప్పి, అవుట్‌పుట్‌ను సీరియల్ మీదే ఉంచవచ్చు. చెవి మూసి నోరు తెరిచి ఉంచడమన్నమాట. ఫీల్డులో లోపాలు వెతకాల్సి ఉన్నంతకాలం ఇదే మంచి అమరిక. లాగ్ వస్తుంది, నాయిస్ లోపలికి పోదు.

ఈ వేరియబుళ్లన్నిటికీ ఉన్న బలహీనత అవి నిల్వ ఉండే చోటు. సేవ్ చేసిన ఎన్విరాన్‌మెంట్‌కు సీఆర్‌సీ, అంటే అది చెడిందో లేదో సరిచూసే సంఖ్య, ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోయి అది సరిపోలకపోతే యూ-బూట్ ఒక హెచ్చరిక వేసి డిఫాల్ట్ విలువలకు పోతుంది. మైనస్ 2 సేవ్ చేసిన దాంట్లోనే ఉంటే, బోర్డు మళ్లీ రెండు సెకన్లు చెవి ఒగ్గి కూర్చునే పాత స్వభావానికి వస్తుంది. రెండు కాపీల ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఈ ప్రమాదం తగ్గుతుంది. అయినా ముఖ్యమైన విలువలు బిల్డ్‌లోనే ఉండాలి.

మరి అన్నీ మూసేస్తే రేపు ఆ బోర్డును తెరిచేదెలా? లినక్స్ లేచినంతకాలం చిక్కు లేదు, అక్కడి నుంచి ఎఫ్‌డబ్ల్యూ-సెట్‌ఎన్వ్ ఆదేశంతో యూ-బూట్ వేరియబుళ్లను మార్చవచ్చు. లినక్స్ లేవని రోజు కోసం బోర్డు మీద ఒక జంపర్ ఉంచడం ఉత్తమం. లెక్కపెట్టడం మొదలుకాకముందే నడిచే ప్రీబూట్ అనే వేరియబుల్ ఉంది. అందులో జీపీఐఓ ఇన్‌పుట్ ఆదేశంతో ఒక పిన్నును చదివించి, జంపర్ వేసి ఉంటే ఇన్‌పుట్‌ను సీరియల్ వైపు తిప్పి బూట్‌డిలేను ఐదు సెకన్లు చేయమని రాస్తే సరి. పిన్నుకు పుల్‌అప్ ఉండి, జంపర్ దాన్ని గ్రౌండుకు కలిపితే విలువ సున్నా వస్తుంది. యూ-బూట్ షెల్‌లో సున్నా అంటే షరతు నిజమైనట్టు. ఈ ఒక్క సంగతి తెలియక స్క్రిప్టును తలకిందులుగా రాసి, జంపర్ తీస్తే ఆగి వేస్తే లేచే బోర్డులు తయారుచేస్తుంటారు.

ఇంత సాఫ్ట్‌వేర్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది: ఆర్‌ఎక్స్ పిన్ను నుంచి 3.3 వోల్టులకు ఒక 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఖరీదు పైసల్లో ఉంటుంది. గాలికి వేలాడే లైను వల్ల వచ్చే కేసులు చాలావరకు దీంతోనే పోతాయి. ఆర్‌ఎస్-485 అయితే ఎవరూ మాట్లాడనప్పుడు రిసీవర్ హై చూపించేలా బయాస్ రెసిస్టర్లు పెట్టాలి, లేదా ఫెయిల్‌సేఫ్ ఉన్న చిప్పు వాడాలి. పోర్టును కాటాతోనో మోడెంతోనో పంచుకోవాల్సి వస్తే మాత్రం రెసిస్టర్ ఏమీ చేయలేదు. అక్కడ కీడ్ గానీ మైనస్ 2 గానీ తప్పదు. లినక్స్ వైపు అదే పోర్టు మీద నడిచే సీరియల్ గెట్టీని (లాగిన్ పేరు అడిగే ప్రోగ్రామును) కూడా ఆపాలి. లేకపోతే కాటా అంకెలన్నీ లాగిన్ పేర్లయిపోతాయి. కెర్నెల్‌లో సీరియల్ సిస్‌ఆర్‌క్యూ (కెర్నెల్‌కు నేరుగా అత్యవసర ఆదేశాలిచ్చే సదుపాయం) ఆన్‌లో ఉంటే బ్రేక్ వెనకాలే వచ్చిన ఒక్క అక్షరంతో బోర్డు రీబూట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

పరీక్ష ఎలా చేయాలన్నది తేలికే, చేసేవారే తక్కువ. లాప్‌టాప్ నుంచి బోర్డు ఆర్‌ఎక్స్‌లోకి అడ్డదిడ్డమైన బైట్లు ఆపకుండా పోస్తూ, టైమర్ రిలేతో పవర్‌ను రాత్రంతా ఆపి వేస్తూ ఉండాలి. ఒకసారి 115200 దగ్గర, మరోసారి 9600 దగ్గర. కొన్ని గంటలు పవర్ లేని యూఎస్‌బీ కేబుల్ తగిలించి కూడా చూడాలి. ఒక్కసారి కూడా ప్రాంప్ట్ దగ్గర ఆగకపోతే సేవ్ చేసిన ఎన్విరాన్‌మెంట్‌ను పూర్తిగా చెరిపేసి ఇదంతా మళ్లీ చేయాలి. మొదటి విడత సాఫీగా దాటిన బోర్డులు కూడా ఈ రెండో విడతలో ఆగిపోతుంటాయి.